రెండు భుజాలు 5, మూడోది 7: ఇది లంబకోణ త్రిభుజమేనా?

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. పరీక్షలో 5 సెం.మీ., 5 సెం.మీ., 7 సెం.మీ. కొలతలతో త్రిభుజం గీసి, అది ఏ రకమో రాయమన్నారు. శుభ్రంగా గీసింది. కోణమాని పెట్టి చూస్తే పై కోణం 90 డిగ్రీలు వచ్చిందట. "లంబకోణ సమద్విబాహు త్రిభుజం" అని రాసింది. తప్పు కొట్టేశారు. ఇంటికొచ్చాక నేనూ గీసి చూశాను, నాకూ తొంభై దగ్గరే వచ్చింది. ఇంకో ప్రశ్నలో "సమబాహు త్రిభుజం సమద్విబాహు త్రిభుజం కూడా అవుతుందా?" అంటే "అవుతుంది" అని రాసింది. దానికీ సున్నా. అసలు ఒకే త్రిభుజానికి రెండేసి పేర్లు ఎందుకని పిల్ల గొడవ. టీచరుగారిని వెళ్ళి అడగాలా వద్దా అని నా గొడవ. నేను లెక్కలు వదిలేసి చాలా ఏళ్ళయింది. కాస్త విడమర్చి చెప్పగలరా?

జవాబు: అమ్మా, తప్పు కొట్టారని బాధపడి ఊరుకోకుండా కాగితం తీసి మీరూ గీసి చూశారు. సగం పని అక్కడే అయిపోయింది. మిగతా సగం ఇదీ: మొదటి ప్రశ్నలో టీచరుగారిదే ఒప్పు, రెండో ప్రశ్నలో మీ అమ్మాయిదే ఒప్పు. ఆ రెండోదానికి చిన్న మెలిక ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు 5, 5, 7 సంగతి. కోణమానిని పక్కన పెట్టేయండి, అంకెలతోనే తేలిపోతుంది. మూడింటిలో పెద్ద భుజం 7, దాని వర్గం 49. మిగతా రెండు భుజాల వర్గాలు 25, 25. కలిపితే 50. ఆ పై కోణం సరిగ్గా 90 డిగ్రీలే అయితే ఈ 49, ఆ 50 సమానం కావాలి. పైథాగరస్ సిద్ధాంతం చెప్పేది అదే కదా. ఒక్కటి తేడా వచ్చింది. పెద్ద భుజం వర్గం తక్కువ పడింది కాబట్టి కోణం 90 దాకా వెళ్ళకుండానే ఆగిపోయిందని అర్థం. లెక్క కడితే సుమారు 88.85 డిగ్రీలు వస్తుంది. కాబట్టి ఇది అల్పకోణ సమద్విబాహు త్రిభుజం. అమ్మాయి రాసినదాంట్లో "సమద్విబాహు" సరే, "లంబకోణ" తప్పు. సగం మార్కులైనా ఇచ్చి ఉండాల్సిందని మీరు అనుకుంటే నేను కాదనను.

మరి ఇద్దరు కొలిస్తే ఇద్దరికీ 90 ఎందుకు వచ్చింది? లంబకోణం రావాలంటే మూడో భుజం 50కి వర్గమూలం ఉండాలి, అంటే సుమారు 7.07 సెం.మీ. ఏడుకీ దానికీ తేడా ముప్పాతిక మిల్లీమీటరు కూడా లేదు. పెన్సిల్ మొన కాస్త మొద్దుబారితే గీత మందమే అంత ఉంటుంది. వృత్తలేఖిని ముల్లు అర మిల్లీమీటరు జరిగి 7 కాస్తా 7.05 అయిందనుకోండి, కోణం 89.66 డిగ్రీలకు ఎక్కి కూర్చుంటుంది. కోణమాని మీద గీతలేమో డిగ్రీకి ఒకటి. దానితో కొలిచి 90 అనకుండా ఇంకేమంటారు? మీ పిల్ల అజాగ్రత్తగా కొలవలేదు. ఆ తేడాను పట్టుకునే శక్తి ఆ పనిముట్టుకు లేదు, అంతే. ప్రశ్న తయారుచేసినవారు ఈ అంకెల్ని కావాలనే ఏరుకున్నారని నా అనుమానం. కంటికీ కోణమానికీ దొరకనిది లెక్కకు దొరుకుతుందని చూపించడానికి 5, 5, 7 కంటే మంచి త్రిభుజం వెతికినా దొరకదు.

వర్గం తక్కువైతే కోణం చిన్నదని ఎలా చెప్పగలం అని అమ్మాయి అడుగుతుంది. అడగాలి కూడా. రెండు సమానమైన పుల్లల్ని ఒక కొసన కలిపి కత్తెరలా పట్టుకోమనండి. తెరిచేకొద్దీ అవతలి కొసల మధ్య ఎడం పెరుగుతుంది, మూసేకొద్దీ తగ్గుతుంది. త్రిభుజంలో మూడో భుజమంటే ఆ ఎడమే. పుల్లలు అయిదేసి సెంటీమీటర్లవైతే, ఎడం 7.07 అయిన చోట కత్తెర సరిగ్గా 90కి తెరుచుకుని ఉంటుంది. ఎడం అంతకంటే తక్కువుంటే ఇంకా 90కి చేరలేదు, ఎక్కువుంటే దాటిపోయింది. ఇందులో కొత్త సూత్రం ఏమీ లేదు. పైథాగరస్ 90 దగ్గర ఒక గుర్తు పెట్టి ఇచ్చాడు, మనం ఆ గుర్తుకు ఇటున్నామా అటున్నామా అని చూసుకుంటున్నాం.

ఇప్పుడు 12, 12, 17 తీసుకోమనండి. 144, 144 కలిపితే 288. పదిహేడు వర్గం 289. మళ్ళీ తేడా ఒక్కటే, కానీ ఈసారి అటువైపు. కోణం సుమారు 90.2 డిగ్రీలు. ఇది అధికకోణ త్రిభుజం! కాగితం మీద గీస్తే ప్రపంచంలో ఎవరి కంటికైనా లంబకోణంలాగే ఉంటుంది.

సమద్విబాహు త్రిభుజంలో భుజాలు మూడూ పూర్ణాంకాలైతే లంబకోణం వస్తుందా? ఎన్నటికీ రాదు. వర్గసంఖ్య ఏదైనా తీసుకుని విడగొట్టి చూడండి, అందులో 2 అనే కారణాంకం సరిసంఖ్యలోనే ఉంటుంది. 36లో రెండుసార్లు, 16లో నాలుగుసార్లు, 25లో అసలు లేదు, అంటే సున్నాసార్లు. వర్గాన్ని రెట్టింపు చేస్తే ఇంకో 2 వచ్చి చేరుతుంది, లెక్క బేసి అయిపోతుంది. బేసి అయ్యాక అది మళ్ళీ వర్గసంఖ్య కాలేదు. సమద్విబాహు లంబకోణ త్రిభుజంలో కర్ణం (లంబకోణానికి ఎదురుగా ఉండే పెద్ద భుజం) వర్గం అంటే సమానమైన భుజం వర్గానికి రెట్టింపే కాబట్టి, ఆ కర్ణం పూర్ణాంకం కావడానికి దారి లేదు. ఏడో తరగతికి ఇది కొంచెం బరువే. అర్థమైతే మంచిది, కాకపోతే ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా చాలు: రెండు భుజాలు సమానంగా ఉండి మూడూ పూర్ణాంకాలైతే, బొమ్మ ఎంత నిటారుగా కనబడినా "లంబకోణ" అని రాయకూడదు.

ఇక రెండు పేర్ల గొడవ. మనిషికి ఇంటిపేరూ పేరూ ఉన్నట్టే త్రిభుజానికీ రెండు పేర్లు. ఎందుకంటే దాన్ని మనం అడిగే ప్రశ్నలు రెండు. నీ భుజాల్లో ఎన్ని సమానం అన్నది ఒకటి. దానికి జవాబు సమబాహు, సమద్విబాహు, విషమబాహు. నీ కోణాల్లో పెద్దది ఎంత అన్నది రెండోది. దానికి జవాబు అల్పకోణ, లంబకోణ, అధికకోణ. కొన్ని పుస్తకాల్లో లఘుకోణ, గురుకోణ అని ఉంటుంది, కంగారు పడకండి, అల్పకోణం, అధికకోణం అన్నవే అవి. ఇంగ్లీషు మీడియం పిల్లలైతే ఈక్విలేటరల్, ఐసోసెలిస్, స్కేలీన్ అని ఒక వరస, అక్యూట్, రైట్, అబ్ట్యూస్ అని ఇంకో వరస వల్లిస్తారు. ఆరు పేర్లూ ఒకే పాఠంలో ఒకే పట్టీలో కనబడేసరికి ఆరింటిలో ఒకటి ఎంచుకోవాలేమో అనుకుంటారు. అసలు తికమక అక్కడ పుడుతుంది. ఒక్కో వరసలోంచి ఒక్కోటి ఎంచుకోవాలి.

అయితే మూడు మూళ్ళు తొమ్మిది రకాలు ఉండాలి కదా? ఉన్నవి ఏడే. సమబాహు త్రిభుజానికి కోణాల విషయంలో స్వేచ్ఛ లేదు. భుజాలు మూడూ సమానమైతే కోణాలు మూడూ సమానం, మొత్తం 180 కాబట్టి తలా 60. కనుక సమబాహు లంబకోణ, సమబాహు అధికకోణ అనే త్రిభుజాలు లేనే లేవు. మిగతా ఏడింటికీ ఒక్కొక్క ఉదాహరణ గీయమని పాపకు చెప్పండి. సమద్విబాహు అధికకోణం దగ్గర కాసేపు ఆగుతుంది, 3, 3, 5 అని మీరు అందించవచ్చు.

ఇక్కడ ఏళ్ళ తరబడి పిల్లల నోట్‌బుక్కుల్లో నేను చూసిన తప్పొకటి చెబుతాను. 120, 35, 25 అని కోణాలిస్తే, "రెండు కోణాలు అల్పకోణాలే కాబట్టి ఇది అల్పకోణ త్రిభుజం" అని రాసేస్తారు. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు గెలిచినట్టు! త్రిభుజంలో ఓట్ల లెక్క పనికిరాదు. ఏ త్రిభుజం తీసుకున్నా కనీసం రెండు అల్పకోణాలు ఉండి తీరతాయి. రెండు కోణాలు 90 చొప్పున ఉంటే 180 వాటితోనే అయిపోయి మూడోదానికి ఏమీ మిగలదు. అందరి దగ్గరా ఉన్నదాన్ని బట్టి తేడా చెప్పలేం కదా. అందుకని పెద్ద కోణం ఒక్కదాన్నే అడగాలి. అది 90కి లోపలైతే మిగతా రెండూ ఎలాగూ లోపలే.

భుజాలిచ్చినప్పుడూ అంతే, పెద్ద భుజాన్నే అడగాలి. పెద్ద కోణం ఎప్పుడూ పెద్ద భుజానికి ఎదురుగానే ఉంటుంది. ఈ మాట తేలిగ్గా అనిపిస్తుంది గానీ, ఇక్కడ బాగా చదివే పిల్లలు కూడా జారిపడతారు. ఎలాగో చూడండి.

3, 4 పొడవున్న పుల్లలు రెండు తీసుకోండి. మూడో పుల్ల పొడవు మన ఇష్టం. ఇష్టమన్నా దానికీ హద్దులున్నాయి. 7 అయితే పుల్లలు మూడూ ఒకే గీత మీద పడుకుంటాయి, అంతకంటే పెద్దదైతే కొసలు కలవనే కలవవు. 1 అయినా అంతే. కాబట్టి 1కీ 7కీ మధ్య ఏదైనా కావచ్చు. మూడో పుల్ల 5 అయితే లంబకోణం, ఇది అందరికీ నోటికొచ్చిందే. 5 దాటితే అధికకోణం. మరి 5 కంటే చిన్నదైతే? అందరూ టక్కున "అల్పకోణం" అంటారు.

2 పెట్టి చూడండి. 2, 3, 4. ఇప్పుడు పెద్ద భుజం మూడోది కాదు, 4. దాని వర్గం 16. మిగతావి 4, 9, కలిపితే 13. 16 పెద్దది, కాబట్టి అధికకోణ త్రిభుజం! ఆ కోణం 104 డిగ్రీల పైమాటే. మూడో పుల్ల కురచైపోయేసరికి 3, 4 పుల్లల మధ్య కోణం సన్నగిల్లింది, ఆ లోటులో ఎక్కువ భాగం 2, 3 పుల్లల మధ్యకు వెళ్ళి చేరింది. అధికకోణం మాయం కాలేదు, చోటు మారింది. 3కీ 4కీ మధ్య కోణాన్నే చూస్తూ కూర్చున్నవాడికి ఇది కనబడదు.

మూడో పుల్లను 1 నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతే మొత్తం కథ తెలుస్తుంది. మొదట అధికకోణం. 7కి వర్గమూలం దగ్గర, అంటే సుమారు 2.65 దగ్గర, క్షణకాలం లంబకోణం, ఎందుకంటే 7, 9 కలిపితే 16. అక్కడి నుంచి 5 దాకా అల్పకోణం. 5 దగ్గర మళ్ళీ ఒక్క క్షణం లంబకోణం. ఆ తర్వాత 7 దాకా అధికకోణం. మధ్యలో 3 దగ్గరా 4 దగ్గరా మాత్రం ఇంటిపేరు మారి సమద్విబాహు అవుతుంది, మిగతా దారంతా విషమబాహువే. ఇది నాకు ఎంతో ఇష్టమైన ఆట. లంబకోణమూ, సమద్విబాహువూ ఎంత అరుదైనవో, ఎలా ఒక్కో చుక్క దగ్గర తళుక్కుమని మాయమవుతాయో ఇందులో తెలిసినంతగా పుస్తకంలో బొమ్మలు చూస్తే తెలియదు.

బొమ్మలంటే గుర్తొచ్చింది. పుస్తకాల్లో లంబకోణ త్రిభుజాన్ని ఎప్పుడూ ఒక భుజం కింద, ఒక భుజం పక్కన నిటారుగా నిలబెడతారు. అదే త్రిభుజాన్ని కర్ణం మీద కూర్చోబెట్టి చూపిస్తే సగం మంది పోల్చుకోలేరు. పేపరు తిప్పి చూడమని పాపకు చెప్పండి, పరీక్షలో పేపరు తిప్పడం నేరమేమీ కాదు. బొమ్మ ఇచ్చిన ప్రశ్నల్లో కోణం దగ్గర చిన్న చదరం గుర్తు ఉంటేనే లంబకోణం, భుజాల మీద ఒకేలాంటి అడ్డగీతలుంటేనే సమానం. ఆ గుర్తులూ అంకెలూ ఏం చెబితే అదే నమ్మాలి, బొమ్మ వాలకాన్ని కాదు.

ఇప్పుడు మెలిక దగ్గరికి. సమబాహు త్రిభుజం సమద్విబాహు అవుతుందా? నిర్వచనం ఏమన్నది అన్నదాన్నిబట్టి ఉంటుంది. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన ఎలిమెంట్స్‌లో, రెండు భుజాలు మాత్రమే సమానంగా ఉంటేనే సమద్విబాహు అని గిరిగీశాడు. ఆ లెక్కన సమబాహు త్రిభుజం ఇందులోకి రాదు. మీ టీచరుగారు సున్నా వేసింది బహుశా ఈ దారినపోయే. ఇప్పుడు గణితంలో ఎక్కువగా వాడుకలో ఉన్నది మాత్రం "కనీసం రెండు భుజాలు సమానం" అన్న నిర్వచనం. దాని ప్రకారం మూడు సమానమైనదానిలో రెండు సమానం ఎలాగూ ఉన్నాయి కాబట్టి అమ్మాయి జవాబు ఒప్పు.

నా ఓటు రెండోదానికే, ఊరికే అనడం లేదు. సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానం అని ఒకసారి నిరూపిస్తాం. "కనీసం రెండు" అనుకుంటే ఆ నిరూపణ సమబాహు త్రిభుజానికీ ఉచితంగా వచ్చేస్తుంది. "రెండు మాత్రమే" అనుకుంటే, మాటకు మాట పట్టుకుంటే, మళ్ళీ మొదటి నుంచి నిరూపించాలి. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే అని పిల్లలకు మనమే చెబుతాం, ఇక్కడ మాత్రం వేరే న్యాయం ఎందుకు? పైగా మన తెలుగు పేరునే చూడండి. సమ, ద్వి, బాహు: సమానమైన రెండు బాహువులు కలది. అందులో "మాత్రమే" అన్న మాట ఎక్కడా లేదు.

కాబట్టి టీచరుగారి దగ్గరికి వెళ్ళండి, అయితే మార్కుల కోసం కాదు. 5, 5, 7 గురించి అడగొద్దు, అక్కడ మనం ఓడిపోయాం. రెండో ప్రశ్న గురించి మాత్రం, "మన పాఠ్యపుస్తకంలో సమద్విబాహు త్రిభుజానికి నిర్వచనం ఎలా ఉందండీ, కనీసం రెండు అనా, రెండు మాత్రమే అనా?" అని అడగండి. వీలైతే అమ్మాయి చేతే అడిగించండి. ముందే పుస్తకం తెరిచి మీరు చూసుకుని వెళ్తే ఇంకా మంచిది. "రెండు మాత్రమే" అని ఉంటే ఈ ఏడాదికి ఆ జవాబే రాయమనండి, ఎందుకు అలా రాస్తోందో దానికి తెలిసి ఉంటే చాలు.

చివరగా, ఇంట్లో చేయించడానికి ఒక పని. ఒకే పొడవున్న పుల్లలు 12 ఇవ్వండి. పుల్లలు విరవకుండా, అన్నీ వాడేస్తూ, ఎన్ని రకాల త్రిభుజాలు చేయగలవో చూడమనండి. మూడే వస్తాయి: 4, 4, 4 ఒకటి, 5, 5, 2 ఒకటి, 3, 4, 5 ఒకటి. సమబాహు, సమద్విబాహు, విషమబాహు, ముచ్చటగా మూడూ వచ్చేశాయి. వాటిలో కోణాల పేర్లు వర్గాలు వేసి కనుక్కోమనండి. మొదటి రెండూ అల్పకోణాలు, మూడోది లంబకోణం, అధికకోణం ఒక్కటీ లేదు.

తర్వాత ఒక పుల్ల తీసేయండి. పుల్లలు తగ్గాయి కాబట్టి త్రిభుజాలూ తగ్గుతాయని అంటుంది. కానివ్వండి. 11 పుల్లలతో నాలుగు వస్తాయి: 5, 5, 1; 4, 4, 3; 3, 3, 5; 2, 4, 5. చివరి రెండూ అధికకోణాలు. 3, 3, 5లో 9, 9 కలిపితే 18, అటు 25. 2, 4, 5లో 4, 16 కలిపితే 20, అటు మళ్ళీ 25.

ఆ తర్వాత 13 పుల్లలు ఇవ్వండి. అయిదు త్రిభుజాలున్నాయి, కానీ ఆ అంకె మీరు ముందుగా బయటపెట్టకండి. నాలుగు దొరికాక "అయిపోయాయమ్మా" అంటూ లేచి వస్తుంది, అప్పుడు వెనక్కి పంపండి.